స్టాకు ఎక్స్‌చేంజిలో బేరము కుదురు విధము

విద్యార్థులారా, మన సూర్యాపేట మార్కెట్టు యార్డులో ధాన్యము అమ్ముడుపోవుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. రైతు ధాన్యమును రాశి పోయును. ఖరీదుదారులు వచ్చి గింజను అరచేత నలిపి, పంట కొరికి, తేమను పరీక్షించి తమ ధర తెలుపుదురు. అందరికంటె హెచ్చు ధర యిచ్చినవానికి రాశి దక్కును. పిమ్మట కాంటా వేసి తక్‌పట్టీ వ్రాయుదురు. ఈ యంగడిని మనస్సునందుంచుకొనినచో ముంబయిలోని స్టాకు ఎక్స్‌చేంజిని గ్రహించుట కష్టము కాదు.

ఒక కంపెనీ మూలధనమును సమాన భాగములుగా విభజించినచో ఒక్కొక్క భాగమునకు షేరు అని పేరు. షేరు గలవాడు ఆ మేరకు కంపెనీకి భాగస్వామి. షేర్లు కొనువారిని, అమ్మువారిని కలుపు అంగడియే స్టాకు ఎక్స్‌చేంజి. బొంబాయిలో నిట్టి సంస్థ 1875లోనే యేర్పడెను. హైదరాబాదులో 1943లో నొకటి స్థాపింపబడి, 2007లో గుర్తింపును కోల్పోయెను. పూర్వము బ్రోకర్లు ఒకచోట గుమిగూడి కేకలు వేయుచు బేరమాడెడివారు. 1994లో నేషనల్ స్టాకు ఎక్స్‌చేంజి షేర్ల వ్యాపారమును కంప్యూటరు తెరపై నారంభించెను. 1995లో బొంబాయి సంస్థయు ఆ మార్గమునే పట్టెను. నేడు కోదాడలోనివాడును ముంబయిలోనివాడును ఒకే వరుసలో నిలువగలరు.

ఇక బేరము కుదురు విధమును చూతము. మిర్యాలగూడలో నొకడు ఒక కంపెనీ షేర్లు 50, ఒక్కొక్కటి 100 రూపాయలకు అమ్మజూపెననుకొనుడు. ఒక క్షణము పిమ్మట సూర్యాపేటలో మరియొకడు 50 షేర్లు అదే ధరకు అమ్మజూపెను. మూడవవాడు 30 షేర్లకు 101 రూపాయల చొప్పున అడిగెను. అంతట కోదాడలో నొకడు, 60 షేర్లు 101 రూపాయలవరకు ఇచ్చి కొందునని తన బ్రోకరు ద్వారా తెలిపెను. కంప్యూటరు మొదట ధరను చూచును. తక్కువకు అమ్మువాడే ముందు. ధరలు సమానమైనచో కాలమును చూచును. ముందు వచ్చినవాడే ముందు. కావున కోదాడవానికి మిర్యాలగూడవాని 50, సూర్యాపేటవాని 10, అన్నియు 100 రూపాయలకే లభించును. సూర్యాపేటవాని 40 షేర్లు వరుసలో మిగులును. అమ్మినవాడెవడో కొన్నవాడెరుగడు. ధనవంతుడా, బీదవాడా యని యంత్రమడుగదు.

బేరము కుదిరిన పిమ్మట ఒకడు మాట తప్పినచో? అందుకై క్లియరింగు కార్పొరేషను నడుమ నిలిచి, కొన్నవానికి తానే అమ్మినవాడుగను, అమ్మినవానికి తానే కొన్నవాడుగను బాధ్యత వహించును. 1996 నాటి డిపాజిటరీల చట్టము మూలమున షేర్లు కాగితపు పత్రములుగా నుండుట మాని డీమ్యాటు ఖాతాలో అంకెలుగా నిలిచినవి. 2023 జనవరి నుండి సాధారణముగా మరుసటి పనిదినముననే సొమ్మును షేర్లును చేతులు మారుచున్నవి. దీనినంతటిని సెబీ యను చట్టబద్ధ సంస్థ కనిపెట్టుచుండును.

ఇంత కట్టుదిట్టము గలదని వినియే కాబోలు, ఇటీవల కోదాడ ప్రాంతపు రైతొకరు, మన విద్యార్థి తండ్రి, నన్నిట్లడిగిరి: "సారూ, ఫలానా షేరు నెలలో రెట్టింపగునని ఫోనుకు వార్త వచ్చినది. ధాన్యపు సొమ్ము పెట్టుదునా? యంత్రము అబద్ధమాడదు గదా!"

నేనిట్లంటిని: "తూకమునందు యంత్రము అబద్ధమాడదు. కాని గింజ కొరికి చూచు పని అది చేయదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు, కంపెనీ లెక్కలు తప్పుగా చూపబడినవని తానే యొప్పుకొనెను. ముందుదినము 179 రూపాయల సమీపమున నున్న షేరు ఆనాడే 40 రూపాయల దరికి పడిపోయెను. ఆ దినమున గూడ యంత్రము వచ్చిన ధరలను వరుస ప్రకారము జతపరచుచునే యుండెను. లోపము త్రాసులో లేదు, సరకులో నున్నది."

ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "అయితే చూడని రాశికి ధర కట్టరాదన్నమాట" అని వెడలిపోయిరి. ఆ సొమ్ము విత్తనములకును, కుమార్తె చదువునకును వినియోగమైనదని పిమ్మట వింటిని.

బిడ్డలారా, కంపెనీ యేమి చేయుచున్నది, లాభమెంత, అప్పులెంత యని దాని వార్షిక నివేదికలో చదువుటయే షేరు విషయమున గింజ కొరికి చూచుట. ఆ చదువునకు మొదటి మెట్టు మన లెక్కల తరగతిలోనే గలదు. కావున నీ లెక్కను చేసి తెండు: పై యుదాహరణములో కోదాడవాడు 60కి బదులు 120 షేర్లు కోరినచో, ఏ ధరకు ఎన్ని లభించును? మొత్తము సొమ్మెంత?