ఇరవయ్యో వంతు రేసు కారు

వేసవిలో ముంజలు తిన్నాక ఖాళీ కాయల్ని మీరు ఊరికే పారేయరు. రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగకర్ర ఆనించి తోశారంటే బండి సిద్ధం. అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా ఇద్దరు పిల్లలు, రెండు ముంజకాయల బండ్లు కలిస్తే పందెం తప్పదు. ఎవరు గెలుస్తారో కూడా మీకు తెలుసు. కాయలు గుండ్రంగా, పుల్ల నున్నగా ఉన్నవాడిదే గెలుపు.

సుమారు నూరేళ్ల కిందట అమెరికాలోని కాలిఫోర్నియా కుర్రవాళ్లకు కూడా పందెం పిచ్చి పట్టింది. అయితే వాళ్లకు దొరికింది ముంజకాయ కాదు, ఫోర్డు కంపెనీవారి పాత ‘మోడల్ టి’ కారు. 1908 నుంచి 1927 వరకు ఇవి కోటీ యాభై లక్షలకు పైగా తయారయ్యాయి. అందుచేత పాతవి చౌకగా దొరికేవి. ఇంజను శక్తి 20 అశ్వశక్తులు; వేగం గంటకు 65, 70 కిలోమీటర్లు దాటేది కాదు. ఆ కుర్రవాళ్లు మడ్‌గార్డులు, ముందు అద్దం, పైకప్పు ఊడదీశారు. ఇంజనుకు మెరుగులు దిద్దారు. మ్యూరాక్ వంటి ఎండిపోయిన సరస్సుల చదును నేల మీద వాటిని పరుగెత్తించారు. ఇలాంటి కార్లకే తర్వాత ‘హాట్ రాడ్’ అనే పేరు స్థిరపడింది.

మడ్‌గార్డులు తీస్తే వేగం ఎందుకు పెరగాలి? 540 కిలోల కారు 480 కిలోలకు తగ్గిందనుకోండి. అదే ఇంజను, అదే బలం. లాగవలసిన బరువు తగ్గింది కనుక త్వరణం ఎనిమిదో వంతు పెరుగుతుంది. అంతకన్నా పెద్ద శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఇంజను శక్తిని రెట్టింపు చేసినా గాలి వల్ల వేగం పావు వంతు మాత్రమే పెరుగుతుందన్నమాట! అందుకే వాళ్లు రెంచీతో పాటు రంపం కూడా పట్టుకున్నారు.

ఇప్పుడు మనం ఈ కారుకు ఇరవయ్యో వంతు నమూనా చేద్దాం. అసలు కారులో ముందు చక్రం ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 100 అంగుళాలు, అంటే 2540 మి.మీ. ఇరవైతో భాగిస్తే 127 మి.మీ. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు. మనకు 71 మి.మీ. చక్రం ఎత్తు 30 అంగుళాలు. మనకు 38 మి.మీ. ఈ మూడు కొలతలూ తప్పకపోతే కారు తక్కినదంతా దానంతటదే కుదురుతుంది.

చట్రానికి 150 మి.మీ. పొడవున్న రెండు వెదురు బద్దలు తీసుకొని, నిచ్చెనలా అడ్డపుల్లలు అతికించండి. అసలు కారు చట్రం కూడా దాదాపు ఇంతే. ఇరుసులకు సైకిల్ చువ్వ చాలు. దాన్ని సైకిల్ షాపులో కోయించండి, మీరు కోయకండి. చువ్వ తిరగడానికి కొబ్బరిబొండాం స్ట్రా ముక్కల్ని చట్రం అడుగున అతికించండి. శరీరానికి భాసికాలు కట్టే జీలుగు బెండు వాడండి. మెత్తగా తెగుతుంది, బరువుండదు.

చక్రాల దగ్గర చాలామంది తొందరపడతారు. హవాయి చెప్పును గుండ్రంగా కోసి తగిలించేస్తారు. చెప్పు మందం 15 మి.మీ. అయితే, ఇరవైతో హెచ్చవేయండి: 30 సెంటీమీటర్ల వెడల్పు టైరు! అది రేసు కారు కాదు, రోడ్డు రోలరు. అసలు టైరు వెడల్పు మూడున్నర అంగుళాలే. దళసరి అట్టను పొరలుగా అతికించి నాలుగున్నర మి.మీ. మందం వచ్చేలా చక్రాలు చేయండి. అంచుకు పాత సైకిల్ ట్యూబు పేలిక చుట్టండి.

ఇక బరువు. 480 కిలోల కారుకు ఇరవయ్యో వంతు నమూనా 24 కిలోలుండాలా? ఉండకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవయ్యో వంతుకు తగ్గాయి కనుక బరువు 20 × 20 × 20, అంటే 8000 రెట్లు తగ్గాలి. 60 గ్రాములు! కిరాణా కొట్టు తక్కెడలో తూచి, తక్కువైతే చట్రం అడుగున ఇనుప మేకులు కట్టండి.

ఇందులో ఒక మోసం దాగి ఉంది. బద్దలు మోసే బరువు 8000 రెట్లు తగ్గింది, కాని వాటి అడ్డుకోత వైశాల్యం 400 రెట్లే తగ్గింది. కనుక మన కారు తన బరువును మోయడంలో అసలు కారుకన్నా ఇరవై రెట్లు సుఖంగా ఉంది. నమూనా విరగలేదని, అదే వెదురుతో పెద్ద బండి కట్టి ఎవరినైనా కూర్చోబెడితే నడుము విరుగుతుంది.

పరుగు చూద్దామా? పలకను ఒకవైపు 20 సెంటీమీటర్లు ఎత్తి, కారును పైనుంచి వదలండి. ఘర్షణ లేకపోతే, చక్రాలు తిరగడానికి కొంత శక్తి ఖర్చు కాకపోతే, కిందికి వచ్చేసరికి సెకనుకు 2 మీటర్ల వేగం రావాలి. గచ్చు మీద 3 మీటర్లు పోవడానికి మీ కారుకు 2 సెకన్లు పట్టిందనుకుందాం: సెకనుకు ఒకటిన్నర మీటర్లు, గంటకు 5.4 కి.మీ. మీ తమ్ముడు వెంటనే ఇరవైతో హెచ్చవేసి, ‘గంటకు 108 కిలోమీటర్లు!’ అని అట్ట మీద రాసేస్తాడు. వైజ్ఞానిక ప్రదర్శనలో ఆ అట్టతో నిలబడితే పరువు పోతుంది.

ఎందుకో చూడండి. అసలు కారు మీటరు ఎత్తు నుంచి పడితే 0.45 సెకన్లలో నేల తాకుతుంది. నమూనా ఇరవయ్యో వంతు ఎత్తు, అంటే 5 సెంటీమీటర్ల నుంచి పడితే 0.10 సెకను పడుతుంది. ఎత్తు ఇరవై రెట్లు తగ్గినా కాలం నాలుగున్నర రెట్లే తగ్గింది. భూమి ఆకర్షణ నమూనాకు వేరుగా ఉండదు కదా! కనుక వేగాన్ని 20 యొక్క వర్గమూలంతో, అంటే 4.47తో హెచ్చవేయాలి. జవాబు గంటకు 24 కి.మీ. పుణె దగ్గర ఖడక్‌వాస్లా పరిశోధన కేంద్రంలో ఆనకట్టల నమూనాల మీద నీరు వదిలి చూసే ఇంజనీర్లు కూడా వేగానికి ఈ వర్గమూలం లెక్కనే వాడతారు.

సినిమావాళ్లకూ ఇది తెలుసు. బొమ్మ రైలు పడిపోయే దృశ్యాన్ని మామూలుగా తీస్తే బొమ్మేనని ఇట్టే తెలిసిపోతుంది. సెకనుకు 24 బదులు, 24 × 4.47, అంటే సుమారు 107 చిత్రాలు తీసి, నెమ్మదిగా వేస్తే నిజం రైలులా బరువుగా పడుతుంది. ఇంట్లో సెకనుకు 120 చిత్రాలు తీసే ఫోను ఉంటే, నాన్నగారినడిగి మీ కారును పలక మీద నుంచి దూకించి తీయండి. దాని పక్కన 82 మి.మీ. మట్టిమనిషిని కూడా నిలబెట్టండి. 164 సెంటీమీటర్ల మనిషికి అది సరైన కొలత.

జీలుగు బెండు చెమ్మ పీల్చుకుంటుంది. మన గోదావరి జిల్లాల వానాకాలంలో చేసేవారు, ప్రదర్శన రోజు ఉదయం కారును మళ్లీ ఒకసారి తూచి చూసుకోండి.