జైలులో పని చేస్తూ దెబ్బ తగిలితే

ఓబులదేవరచెరువు మండలంలో ఒక కూలి మనిషి ఉన్నాడనుకోండి. ఒక గొడవలో అతనికి కఠిన శిక్ష పడింది. జైలులో వడ్రంగం పని ఇచ్చారు. ఒకరోజు రంపం తగిలి రెండు వేళ్ళు తెగిపోయాయి. అతనికి పరిహారం వస్తుందా?

కఠిన శిక్ష పడినవాళ్ళు జైలులో పని చెయ్యాలి. అట్లాగని అది వెట్టి కాదు. ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది.

కూలి సంగతి వేరు, పరిహారం సంగతి వేరు. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమలులో ఉంది. ఈ చట్టం యజమానికీ, పనిలో కుదిరిన మనిషికీ సంబంధించింది. ఖైదీ తనంతట తాను పనిలో కుదరలేదు కదా! అందుకే ఈ దారిలో అడిగితే చిక్కు వస్తుంది.

ఇంకో దారి ఉంది. మన రాయలసీమలోనే జరిగిన సంగతి వినండి. 1977లో కోయిలకుంట్ల సబ్ జైలులో తండ్రీ కొడుకులు ఉన్నారు. రాత్రిపూట శత్రువులు వచ్చి బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. కొడుకు బతికాడు. కాపలా సరిగా లేదని కొడుకు కోర్టుకు పోయాడు. ప్రభుత్వం మీద దావా చెల్లదని సర్కారు వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. 1,44,000 రూపాయలు ఇమ్మంది. 2000లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఖైదీ అయినా బతికే హక్కు పోదని చెప్పింది. ఇది పని ప్రమాదం కేసు కాదు. కానీ జైలువాళ్ళ నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలితే పరిహారం అడగవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యాలి. కాబట్టి దెబ్బ తగిలిన రోజే జైలు డాక్టరుకు చూపించుకోవాలి. ఏ పనిలో, ఏ యంత్రం దగ్గర తగిలిందో రాయించాలి. చూసిన తోటి ఖైదీల పేర్లు గుర్తు పెట్టుకోవాలి.

బెంగుళూరులో మేస్త్రీ కింద పని చేస్తూ కాలు విరిగి, ఆ తరువాత జైలుకు పోయినవాడి సంగతి వేరు. అతను అప్పటికే పనివాడు. జైలుకు పోయినంత మాత్రాన ఆ పరిహారం హక్కు పోదు. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు.

లాయరుకు డబ్బులు ఎక్కడివి అంటారా? 1987 నాటి చట్టం ప్రకారం జైలులో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇంటివాళ్ళు 15100కు ఫోను చేసి అడగవచ్చు.