కారు స్టీరింగు, సస్పెన్షన్: జబ్బులు - చికిత్స

ఇంజను చెడిపోతే కారు రోడ్డు పక్కన నిలబడిపోతుంది. పోయేది కాలమూ, డబ్బూ. స్టీరింగు జాయింటు వూడితే మాత్రం కారు ఆగదు, మనం తిప్పిన వైపుకూ పోదు. అయినా మనలో చాలామంది ఇంజను శబ్దాన్ని శ్రద్ధగా వింటారు గాని, ముందు చక్రాల దగ్గర వచ్చే 'టక్కు' చప్పుడును రోడ్డు గోతుల ఖాతాలో రాసేస్తారు. ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక జాకీ, చేతి సాయానికి ఒక స్నేహితుడు, కాస్త ఓపిక వుంటే చాలు.

ముందుగా నిర్మాణం సంగతి చూద్దాం. 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్ కారుకు ముందు వైపు టార్షన్ బార్లు, వెనక కమాను పట్టీలు వుండేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు అమర్చారు. స్ప్రింగునూ, షాక్ అబ్జార్బర్‌నూ కలిపి ఒకే స్తంభంలా నిలబెట్టే ఏర్పాటు ఇది. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు ఇదే వుంటుంది. స్టీరింగు ర్యాక్ అండ్ పినియన్ పద్ధతి. విడిభాగాలు తక్కువ, కిందికి వంగి చూస్తే అన్నీ కనబడతాయి. అందుచేత ఈ వ్యాసానికి మారుతి 800ని నమూనాగా తీసుకుంటున్నాను.

షాక్ అబ్జార్బర్ అనే పేరు నిజానికి సరైంది కాదు. గతుకు దెబ్బను తీసుకునేది స్ప్రింగు. తీసుకున్నదాన్ని తిరిగి వదిలేటప్పుడు అది కారును పైకీ కిందికీ వూపుతుంది. లోపలి నూనెను సన్నటి రంధ్రాల గుండా పోనిచ్చి, ఆ వూపును వేడిగా మార్చి చల్లార్చేది షాక్ అబ్జార్బర్. గతుకుల రోడ్డు మీద చాలా దూరం పోయి వచ్చాక ముట్టుకుంటే వెచ్చగా వుంటుంది కూడా.

ఇక జబ్బు గుర్తించటం. డాక్టరు "నొప్పి ఎక్కడ?" అనే కాక "ఎప్పుడు వస్తుంది?" అని కూడా అడుగుతాడు. మనమూ అలాగే అడగాలి. 80, 90 కిలోమీటర్ల వేగం దగ్గర స్టీరింగు వణికి, వేగం తగ్గించగానే మానేస్తే ముందు అనుమానించవలసింది వీల్ బ్యాలెన్సింగ్‌ని. రిమ్ముకు కొట్టిన సీసం ముక్క వూడిపోయినా, లోపల బురద ఎండి అంటుకున్నా ఇదే లక్షణం. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కు సంగతి చూడాలి. చక్రం బాగా వంచి తిరుగుతున్నప్పుడు వరసగా 'కట కట' మంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు పోయిందన్నమాట. దానికి సస్పెన్షన్ విప్పి లాభం లేదు. బండి నిలిపి స్టీరింగు తిప్పినప్పుడు పైనుంచి 'టంగు' మని స్ప్రింగు సర్దుకున్నట్టు వినిపిస్తే స్ట్రట్ పైభాగంలో వుండే మౌంటింగ్ బేరింగు పట్టేసిందని అనుకోవచ్చు. చిన్న చిన్న గతుకుల మీద, తక్కువ వేగంలో వచ్చే 'టక్కు టక్కు' చాలాసార్లు బుష్‌లదో, బాల్ జాయింటుదో అవుతుంది.

కారు ఒక పక్కకు లాగుతోందంటే వెంటనే ఎలైన్‌మెంటుకు పరుగెత్తేవారున్నారు. ముందు టైర్లు చల్లగా వుండగా గాలి కొలిపించండి. అది సరిగా వుంటే ముందు చక్రాలు రెండూ అటుదిటు మార్చి చూడండి. లాగే దిక్కు మారితే దోషం టైరుది. మారకపోతే కొంత దూరం నడిపి, రిమ్ములు జాగ్రత్తగా ముట్టుకుని చూడాలి. ఒకటి రెండోదానికన్నా బాగా వేడిగా వుంటే ఆ వైపు బ్రేకు పట్టుకుంటోంది. ఇవన్నీ అయ్యాకే ఎలైన్‌మెంటు.

టైరు అరుగుదల కూడా మంచి సాక్షి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే నున్నగా అరిగితే కాంబర్ గాని, టో గాని తప్పింది. టైరు మీద చెయ్యి అడ్డంగా రాస్తే ఒక దిశలో నునుపుగా, ఎదురు దిశలో రంపపు పళ్లలా తగిలితే అది టో తప్పినందువల్లే. లెక్క చూడండి: చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి వుంటే, కిలోమీటరు నడిచేసరికి సుమారు 8.7 మీటర్లు దాన్ని అడ్డంగా ఈడ్చినట్టవుతుంది. కొత్త టైరు కొద్ది నెలల్లో ఎందుకు బోడి అవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత చేతి పరీక్ష. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు చెక్క అడ్డు. జాకీతో లేపాక బరువును స్టాండు మీదికి దించాలి. ఇటుకలు పేర్చి ఆనించటం మన వూళ్లలో తరచుగా కనబడుతుంది. ఇటుక చెప్పకుండా పగులుతుంది, కింద వున్నది మనిషి. ఇప్పుడు చక్రాన్ని అడ్డంగా, గడియారంలో తొమ్మిది, మూడు వుండే చోట్ల పట్టుకుని అటూఇటూ కదపండి. లూజు తగిలితే టై రాడ్ ఎండ్ మీద అనుమానం. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని కదిపినప్పుడు లూజు వుంటే బాల్ జాయింటు కావచ్చు, వీల్ బేరింగు కావచ్చు. స్నేహితుణ్ణి బ్రేకు తొక్కమనండి. లూజు మాయమైతే బేరింగు, అలాగే వుంటే బాల్ జాయింటు. తిరిగి కారును నేల మీదికి దించి, ఇంజను ఆపి, స్నేహితుడు స్టీరింగును కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతుండగా ఒక్కొక్క జాయింటు మీదా చెయ్యి వేసి చూడాలి. చక్రం గాలిలో వున్నప్పుడు దాక్కున్న లూజు బరువు పడ్డాక చేతికి 'టిక్కు' మని దొరికిపోతుంది. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగి వుంటే లోపలికి నీళ్లూ దుమ్మూ చేరినట్టే. ఇంకా లూజు రాకపోయినా దానికి రోజులు దగ్గర పడ్డాయి. బాల్ జాయింటులో లూజు కనిపిస్తే మాత్రం "జీతం వచ్చాక చూద్దాం" అనుకోకూడదు, కారును అక్కడే వుంచెయ్యాలి.

టై రాడ్ ఎండ్ మార్చటం మన వర్క్‌షాపులో నేర్చిన చేతులకు కష్టమేమీ కాదు. పాతదాన్ని విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు వూడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. స్ప్లిట్ పిన్ను కన్నం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి. వదులు చేసి కలపకూడదు. పిన్ను కొత్తదే వెయ్యాలి. బుష్‌ల విషయంలో చాలా షెడ్లలో జరిగే తప్పు ఒకటుంది. చక్రాలు వేలాడుతుండగానే బోల్టు బిగించేస్తారు. కారు దించగానే బుష్ మెలిపడి, ఆ మెలికతోనే తిరుగుతూ తొందరగా చిరుగుతుంది. బోల్టును వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. కిర్రుమంటోందని రబ్బరు బుష్‌కు ఇంజను ఆయిలు పోసే అలవాటు కూడా వుంది. రెండు రోజులు చప్పుడు పోతుంది, ఆ తర్వాత రబ్బరు వుబ్బి మెత్తబడుతుంది.

స్ట్రట్ సంగతి వేరు. దాని పైనున్న నడిమి నట్టును, స్ప్రింగు కంప్రెసర్ బిగించకుండా ఎన్నడూ విప్పకండి. అణిచిపెట్టిన స్ప్రింగు ఒక్కసారిగా విడుదలైతే మనిషిని చంపగలదు. పరికరం లేకపోతే ఆ పని షెడ్డుకు వదిలెయ్యటమే మేలు. షాక్ అబ్జార్బర్‌లో నూనె కారుతున్నా, బానెట్ మూల నొక్కి వదిలితే కారు రెండు మూడు సార్లు వూగుతున్నా, ఆ ఇరుసుకు రెండు పక్కలా మార్చాలి.

ఇక్కడ మన కుర్రకారుకు ఒక మాట. కారు కిందికి కనబడాలని స్ప్రింగు చుట్లు కోయించే సరదా ఒకటి వుంది. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుందని మెషీన్ డిజైన్ క్లాసులో మనమే రాస్తాం. బిరుసెక్కిన స్ప్రింగుకు పాత షాక్ అబ్జార్బర్ చాలదు, కాంబర్ తప్పుతుంది, చివరికి టైర్లు పోతాయి.

టై రాడ్ గాని, స్ట్రట్ గాని విప్పాక ఎలైన్‌మెంటు తప్పనిసరి. చుట్లు లెక్కపెట్టి ఎక్కించటం అక్కడి దాకా బండి నడిపించుకు పోవటానికే. అక్కడి నుంచి వచ్చేటప్పుడు తిన్నని రోడ్డు మీద స్టీరింగు చక్రం వంకరగా నిలబడితే, దాన్ని వూడదీసి ఒక పన్ను జరిపి పెడతామంటారు, ఒప్పుకోకండి. ఒక టై రాడ్‌ను ఎంత పొడిగిస్తే రెండోదాన్ని అంత కుదించి, చక్రాన్ని మధ్యకు తెమ్మనండి.