స్పానిష్‌లో ఎర్ర పుస్తకం, ఎర్ర బల్ల

అమ్మకో నాన్నకో బదిలీ అయి ఉత్తరాది బడిలో చేరిన కొత్తలో మాలో దాదాపు అందరం ‘మేరా కితాబ్’ అన్నవాళ్ళమే. వెనక బెంచీలు పకపకా నవ్వేవి. ‘మేరీ కితాబ్’ అనాలట! పుస్తకం స్త్రీలింగం ఎలా అయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మొన్న సెలవుల్లో స్పానిష్ మొదలుపెడితే అదే గొడవ మళ్ళీ ఎదురైంది. ఈసారి నవ్వులపాలు కాకముందే దాని సంగతి తేల్చుకుందామనుకున్నాం.

తెలుగులో ‘ఎర్ర’ అన్న మాట పుస్తకం ముందు పెట్టినా, పది బల్లల ముందు పెట్టినా మారదు. స్పానిష్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి ఉంటుంది. విశేషణం దాని లింగాన్నీ వచనాన్నీ అనుసరించాలి. పుస్తకం ‘లీబ్రో’, పుంలింగం. బల్ల ‘మేసా’, స్త్రీలింగం. ఎరుపు ‘రోహో’.

లీబ్రో రోహో – ఎర్ర పుస్తకం
లీబ్రోస్ రోహోస్ – ఎర్ర పుస్తకాలు
మేసా రోహా – ఎర్ర బల్ల
మేసాస్ రోహాస్ – ఎర్ర బల్లలు

రంగు చెప్పే మాట నామవాచకం తర్వాత వచ్చింది, గమనించారా? స్పానిష్‌లో ఎక్కువ విశేషణాలకు అదే చోటు.

హిందీలో ‘బడా, బడీ, బడే’ అలవాటైనవాళ్ళకు ఇది కొత్త కాదు. అయితే హిందీలో ‘బడీ కితాబ్’ బహువచనంలో ‘బడీ కితాబేఁ’ అవుతుంది, ‘బడీ’ కదలదు. స్పానిష్‌లో విశేషణానికి కూడా ‘స్’ చేర్చాల్సిందే. ‘గ్రాందే’ (పెద్ద), ‘అసూల్’ (నీలం) వంటివి లింగాన్ని పట్టించుకోవు కానీ, బహువచనంలో అవీ ‘గ్రాందేస్’, ‘అసూలెస్’ అయిపోతాయి.

మేము ఎక్కువగా తప్పులు చేసింది హిందీ లింగాలను స్పానిష్‌లోకి మోసుకెళ్ళి. కితాబ్ స్త్రీలింగం, లీబ్రో పుంలింగం. హాథ్ పుంలింగం, ‘మానో’ (చెయ్యి) స్త్రీలింగం. మేజ్, మేసా రెండూ స్త్రీలింగం కావడం మన అదృష్టం, అంతే. చివరి అక్షరాన్ని చూసి ‘ఓ’ ఉంటే పుంలింగం, ‘ఆ’ ఉంటే స్త్రీలింగం అనుకోవచ్చు. చాలాసార్లు సరిపోతుంది. కానీ ‘మానో’ స్త్రీలింగమే, ‘మాపా’ (పటం) పుంలింగమే. అందుకే చిన్న చెయ్యి ‘మానో పెకేన్యా’, చిన్న పటం ‘మాపా పెకేన్యో’. విశేషణం చూసేది మాట లింగాన్ని, దాని చివరి అక్షరాన్ని కాదు.

అన్నిటికన్నా తికమక పెట్టింది నీళ్ళు. ‘ఆగ్వా’ స్త్రీలింగం. స్త్రీలింగ పదం ముందు ‘లా’, పుంలింగ పదం ముందు ‘ఎల్’ పెడతారు. మరి ‘ఎల్ ఆగ్వా’ ఏమిటి? ‘లా ఆగ్వా’ అంటే ఊనిక ఉన్న ‘ఆ’కు ముందే మరో ‘ఆ’ వచ్చి పలకడం ఇబ్బంది. అందుకని ఏకవచనంలో ‘ఎల్’ వాడతారు. ఆ ‘ఎల్’ను చూసి మోసపోకూడదు. చల్లని నీళ్ళు ‘ఎల్ ఆగ్వా ఫ్రీయా’నే. మనకు నీళ్ళు బహువచనమైతే వాళ్ళకు ఏకవచనం, అదొకటి!

పదిమంది అమ్మాయిల మధ్య ఒక్క అబ్బాయి ఉన్నా విశేషణం పుంలింగ బహువచనంలోకి మారుతుంది. మాలోని అమ్మాయిలు ఈ సూత్రాన్ని ఇంకా క్షమించలేదు.

అసలు మన తెలుగుకు ఈ అలవాటు బొత్తిగా లేదనుకుంటే పొరపాటే. ‘మంచి అబ్బాయి’, ‘మంచి పుస్తకాలు’ అన్నప్పుడు ‘మంచి’ మారదు. అదే వాక్యం చివరికి వస్తే? అతను మంచివాడు, ఆమె మంచిది, వాళ్ళు మంచివాళ్ళు, ఆ పుస్తకాలు మంచివి. ఇక్కడ మనం ఎవరి గురించి, దేని గురించి మాట్లాడుతున్నామో చూసి మారుస్తాం. స్పానిష్‌లో బల్లకూ చేతికీ లింగం మాటతోపాటే వస్తుంది. కాబట్టి మేమిప్పుడు ‘మేసా’ అని రాసుకోవడం మానేసి ‘లా మేసా’, ‘ఎల్ మాపా’ అని రాసుకుంటున్నాం. ‘ఎల్ ఆగ్వా’ పక్కన మాత్రం ఎర్ర సిరాతో ‘స్త్రీ’ అని రాశాం.

మీరూ ప్రయత్నించండి: చిన్న బల్ల, నీలి పుస్తకాలు, ఎర్ర చేతులు.

జవాబులు: మేసా పెకేన్యా, లీబ్రోస్ అసూలెస్, మానోస్ రోహాస్.