కాలానికి దొరికే పండుతో ఇంట్లో కప్పు కేకులు



మిరపకోతలు మొదలైతే మన ఊళ్లలో చాలామంది తల్లులు తెల్లవారకముందే పొలానికి బయలుదేరుతారు. బడి నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో ఎవరూ లేక కొట్టుకు వెళ్లి క్రీము బన్నో, కప్పు కేకో కొనుక్కుంటారు. ఆ కేకు ముందు రోజు రాత్రి ఇంట్లోనే చేసి పెట్టవచ్చు.

మా ఇంట్లో ఓవెన్ లేదుగా అంటారేమో. మన పెద్దలకూ లేదు. తాటిపండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం కలిపి మందపాటి గిన్నెలో పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి తాటి రొట్టె కాల్చేవారు. ఓవెన్ చేసే పనీ అంతే, అన్ని వైపుల నుంచీ వేడి తగలడం.

బాగా మగ్గిన పెద్ద అరటిపండు ఒకటి మెత్తగా చిదమండి. గ్లాసులో మూడో వంతు బెల్లం తురుమును రెండు చెంచాల నీళ్లతో కరిగించి, వడగట్టి, చల్లార్చి అందులో పోయండి. పావు గ్లాసు పెరుగు, మూడు పెద్ద చెంచాల నూనె కలపండి. వేరే పళ్లెంలో ఒక గ్లాసు గోధుమపిండి, పావు టీచెంచా తినే సోడా, చిటికెడు ఉప్పు జల్లించి, రెండూ ఒకటి చేయండి. చపాతీ పిండిలా పిసకవద్దు. పిండి తడి తగిలి మర్దన పడితే జిగురు సాగి కేకు గట్టిపడుతుంది. మొదటిసారి మేమూ అలాగే పిసికి రబ్బరులాంటి కేకులు చేశాం!

పెరుగు పులుపు సోడాకు తగలగానే గాలి పుడుతుంది, కేకును పొంగించేది అదే. కాబట్టి కలిపిన వెంటనే నూనె రాసిన ఆరు చిన్న స్టీలు గిన్నెల్లో సగానికి పైగా పోయండి. అడుగు మందంగా ఉన్న పాత్రలో అంగుళం మందాన ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు ముందే వేడిచేసి ఉంచండి. కుక్కరైతే గాస్కెట్, వెయిట్ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. గిన్నెలు దించి సన్న సెగ మీద అరగంట. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

వేసవిలో మామిడి గుజ్జు, చలికాలంలో ఉడికించి గింజలు వడగట్టిన జామ గుజ్జు, దొరికినప్పుడు సపోటా వేసుకోవచ్చు. పండు తియ్యగా ఉంటే బెల్లం తగ్గించండి.

మిరప, పత్తి పనుల నుంచి వచ్చినవారు బట్టలు మార్చి, చేతులు సబ్బుతో కడిగాకే పిండి ముట్టాలి. మిరప మంట ఉంటే ముందు నూనె రాసి తర్వాత సబ్బు వాడండి. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా పిండికీ, బెల్లానికీ పనికిరాదు. దాన్ని ఇంట్లోకే తేవద్దు.

ఇక షుగరు ఉన్నవారి మాట. "బెల్లమేగా సిస్టరమ్మా, పంచదార కాదుగా" అని వార్డులో తరచు వింటాం. రక్తంలో చక్కెరను బెల్లమూ పెంచుతుంది, మగ్గిన అరటిపండూ పెంచుతుంది. తినాలనిపిస్తే ఒక్క కేకు, అదీ ఉదయపు పలహారంలో కొంత తగ్గించుకుని. మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుంటే సరిపోతుందని ఎవరూ సొంతంగా లెక్క కట్టవద్దు. రక్తం తక్కువగా ఉన్న తల్లులు కూడా బెల్లం తింటున్నామని ఐరన్ మాత్రలు ఆపకండి. బెల్లంలోని ఇనుము ఆ లోటు తీర్చేంత ఉండదు.

నూనె బదులు వనస్పతి వేస్తే కేకు గుల్లగా వస్తుందని కొందరు చెబుతారు. గుండెకు చేటుచేసే ట్రాన్స్ కొవ్వు నూనెల్లో, వనస్పతిలో 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నియమం ఉంది. అయినా వనస్పతిలో గడ్డకట్టే కొవ్వు ఎక్కువే. వేరుశనగ నూనె చాలు.

చల్లారాక మూత ఉన్న డబ్బాలో పెడితే చలికాలంలో మర్నాటి సాయంత్రం దాకా ఉంటాయి. ఎండాకాలంలో మాత్రం పొద్దున చేసినవి ఆ రోజే తినేయాలి.