మనకంటే ముందు పోయినవాడు

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ప్రార్థన కూడికలు నడిపి నడిపి ముసలివాణ్నయ్యాను. కొత్తగా సేవకు బయల్దేరిన పిల్లలు "తాతా, నీకు తెలిసింది మాకు రాసియ్యి" అన్నారు. ఊళ్లకు పోయేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను. ప్రసంగాలకు వాడుకోకండి.

1. వెతుకుతున్నది ఆయన

సాక్ష్యం చెప్పమంటే మనవాళ్లు "నేను దేవుణ్ని వెతుక్కుంటూ వచ్చాను" అని మొదలుపెడతారు. బైబిలు తెరిస్తే కథ తిరగబడి కనిపిస్తుంది. ఏదెనులో చెట్ల చాటున దాక్కున్నది ఆదాము. ఎక్కడున్నావని పిలుస్తూ వచ్చింది దేవుడు. తనను ఆరాధించేవాళ్ల కోసం తండ్రే వెతుకుతున్నాడని యేసు సమరయ స్త్రీతో సూటిగా అన్నాడు.

నాకు హాగరు కథ ఇంకా ఇష్టం. ఐగుప్తు దాసి. కడుపుతో ఉండి, యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారి దారి పట్టింది. ఆమె ప్రార్థన చేసినట్టు అక్కడ ఎక్కడా లేదు. నీటి ఊట దగ్గర దూతే ఆమెను కనుక్కున్నాడు. ఆదికాండం పదహారో అధ్యాయం నిదానంగా చదవండి. ఆమె యజమానులు అబ్రాము, శారయి మాట్లాడినప్పుడల్లా దాసి అనే అంటారు. పేరు పెట్టి పిలిచింది దూత ఒక్కడే. కూడికలో ఈ మాట వచ్చినప్పుడు వెనక కూర్చున్న ఆడవాళ్లు తలెత్తి చూస్తారు, గమనించండి.

2. దేవుణ్ని మీరు మోసుకుపోవడం లేదు

కృష్ణా ప్రాంతం రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. విగ్రహాలు విడిచిపెట్టాడు గానీ, ఎవరిని కొలవాలో చెప్పేవాళ్లు లేరు. ఎవరివో నాకు కనబడు అని తనకు తెలియని దేవుణ్నే వేడుకుంటూ ఏళ్లు గడిపాడు. తర్వాత బెజవాడలో మిషనరీ డార్లింగ్ కలిశాడు. 1859లో వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన వెంట ఆ వైపు పల్లెలు కదిలాయి. ఇందులో డార్లింగ్ దొర పని ఎంత? ముందే రగిలి ఉన్నచోటికి వచ్చి పేరు చెప్పాడు. అది చిన్న పనని అనను. కానీ మనం ఊళ్లో అడుగుపెట్టిన రోజే అక్కడికి దేవుడు వచ్చాడన్నట్టు రిపోర్టులు రాస్తుంటామే, అది నాకు నచ్చదు. కొత్త ఊరికి పోతే మొదటి రోజు వాక్యం చెప్పకండి. కష్టం వచ్చినప్పుడు ఎవరికి మొక్కుకున్నారో, ఏమని మొక్కుకున్నారో అడిగి వినండి.

3. నీళ్లు అడిగి తాగండి

యూదులు కొందరు సమరయ నేల తొక్కకుండా యొర్దాను అవతలి నుంచి చుట్టు తిరిగి పోయేవాళ్లు. యేసు ఆ నేల మీదుగానే పోయాడు. మిట్టమధ్యాహ్నం బావి గట్టున కూర్చుని, సమరయ స్త్రీ ముంతలో నీళ్లు అడిగాడు. అంటుముట్టు పాటించే లోకంలో ఆ అడగడమే సగం సువార్త. హోటల్లో మాకు వేరే గ్లాసు పెట్టిన రోజులు నాకు తెలుసు కాబట్టి ఈ కథ నేను పుస్తకంలో చదివినట్టు చదవలేను.

మరి మీరో? సంచిలో సీసా నీళ్లు పెట్టుకుని పల్లెకు పోతారు. అమ్మ చెంబుతో నీళ్లిస్తే "వద్దమ్మా, ఉన్నాయి" అంటారు. ఆ తర్వాత గంటసేపు దేవుని ప్రేమ గురించి చెబుతారు. కడుపు నొప్పి వస్తే రానీ బిడ్డా, తాగు. జొన్నరొట్టె పెడితే తిను.

4. కడుపు కోసం వచ్చారనే మాట

ఇది మనల్ని ఎప్పటినుంచో పొడుస్తున్న మాట. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బియ్యం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. అందరూ ఆ అంకె చెబుతారు. నేనైతే మూసిన తలుపు ముందు నెలల తరబడి నిలబడ్డవాళ్లను చెబుతాను.

మన మెదక్ గుడి కూడా కరువు కూలీల చేతుల మీద లేచిందే. మిషనరీ పోస్నెట్ దొర పనిపెట్టి అన్నం పెట్టాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అయినా ఒకటి అడుగుతాను. వీసా కోసం, సీటు కోసం, సంబంధం కోసం గుళ్ల చుట్టూ తిరిగే కలిగినవాళ్లను ఈ మాట ఎవరైనా అన్నారా? సమరయ స్త్రీ వచ్చింది కూడా నీళ్లకే.

5. మీ గుడి, మా గుడి

మెదక్ వైపు వెస్లియన్ మిషను, మా వైపు అమెరికా మెథడిస్టులు. 1947లో వాళ్లు దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐలో) కలిశారు, మేము కలవలేదు. అంతే తేడా. ఆరాధించాల్సింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ అడిగితే యేసు రెండింటినీ పక్కన పెట్టాడు. నవంబరులో మా మెథడిస్టుల ధారూరు జాతరకు పోండి, గుడారం వేసుకోండి, ఎవరి సంఘమని మాత్రం అడగకండి.

6. ఖాళీ బెంచీలు

దీపావళి దాటితే మా పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. చెరుకు నరకడానికి పోతారు. క్రిస్మస్ నాటికి గుళ్లో ముసలివాళ్లు, పిల్లలే మిగులుతారు. "ఈసారి హాజరు తక్కువ" అని కమిటీలో బాధపడతాం. తప్పిపోయిన గొర్రె ఉపమానం మాత్రం ఏడాదికి రెండుసార్లు చెబుతాం.

చెరుకు గుంపు దగ్గరికి పోయి చూశాను. తోట గట్టున ప్లాస్టిక్ పట్టా గుడిసెలు. తెల్లవారకముందే కొడవళ్లు, రాత్రి లారీ లోడు. చెరుకు ఆకు కోసి కోసి చేతుల నిండా సన్నటి గీతలు. ఒకామె పొయ్యి ముందు రొట్టె తడుతూ, పక్క గుడిసెలో పిల్లవాడి జ్వరం కోసం సన్నగా ప్రార్థిస్తోంది. మైకు లేదు, పాస్టరు లేడు. నేను ఆమెన్ అనే వరకు ఎవరో వచ్చారని ఆమెకు తెలియదు.

ఈ సీజనుకు మీరూ పోండి. మేస్త్రీ ఫోన్ నంబరు ముందే తీసుకోండి. ఆదివారం పొద్దున పోతే ఎవరూ దొరకరు, లారీ పోయాక రాత్రి పోవాలి. స్పీకరు వద్దు. జ్వరం మాత్రలు, టార్చిలైటు, పెద్ద అక్షరాల పాటల పుస్తకం చాలు. రొట్టె పెడతారు, ఇంట్లో తిని పోవద్దు.