హోప్‌టౌన్ జెట్టీ దగ్గర హత్యకు గురైన వైస్రాయ్

పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయ్ లార్డ్ మేయో. 1872 ఫిబ్రవరి 8న అండమాన్ ఖైదీల స్థావరాన్ని తనిఖీ చేసి, మౌంట్ హారియట్ కొండ మీద సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక హోప్‌టౌన్ జెట్టీకి దిగి వచ్చాడు. పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రిదీ అనే పఠాన్ ఖైదీ కత్తితో పొడిచాడు. హత్య కేసులో పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారి అండమాన్ చేరినవాడతను. మార్చి 11న అతన్ని వైపర్ దీవిలో ఉరితీశారు. ఆ కొండ పేరు 2021లో మౌంట్ మణిపుర్‌గా మారింది.

మేయో అసలు పేరు రిచర్డ్ సౌత్‌వెల్ బర్క్. 1822లో డబ్లిన్‌లో పుట్టి, 1847లో పార్లమెంటులో అడుగుపెట్టాడు. కన్జర్వేటివ్ ప్రభుత్వాల్లో మూడుసార్లు ఐర్లండ్ చీఫ్ సెక్రటరీ. 1867లో తండ్రి మరణంతో ఎర్ల్ బిరుదు దక్కింది, 1869లో వైస్రాయ్ అయ్యాడు.

హత్య ఒక్కటే గుర్తుపెట్టుకుంటే మేయోకు అన్యాయం చేసినట్టే. రాష్ట్రాలకు కొన్ని శాఖల ఖర్చు అప్పగించిన 1870 ఆర్థిక వికేంద్రీకరణ తీర్మానం ఆయనదే. అజ్మీర్‌లోని మేయో కళాశాల 1875లో ఆయన పేరిట వెలిసింది.

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది జనగణన దగ్గర. తొలి జనగణన 1872 నాటిది, మేయో కాలానికి చెందినది. దేశమంతా ఒకేసారి జరిగినది 1881లో, రిప్పన్ హయాంలో.